వలకన్ను కొలత

బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చే నీరు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. ఈ సరస్సు 1999లో అభయారణ్యమయింది. 2002లో రాంసర్ పట్టికలో చేరింది. నీటిలో ఏ చేప మిగలాలో, ఏ చేప బుట్టలో పడాలో తేల్చేవాటిలో ముఖ్యమైనది వలకన్ను. కావున దాని కొలత అల్పవిషయం కాదు.

చేతితో వల అల్లేటప్పుడు నున్నని బద్ద మీదుగా దారం తిప్పి ముడి వేస్తారు. పూలమ్మే ఆమె మూర చేతిని బట్టి మారవచ్చును గాని, బద్ద వెడల్పు మారనంతవరకు కన్ను మారదు.

చిక్కు అల్లిన తరువాత వస్తుంది. "కన్ను ఎంత?" అన్న ప్రశ్నకు రెండు సమాధానాలు. పక్కపక్క ముడుల నడుమ దూరం, అంటే భుజం, ఒకటి. కన్నును సాగదీసి ఎదురెదురు ముడుల నడుమ కొలిచేది మరొకటి. ఇది సుమారు రెట్టింపు. భుజం 20 మిల్లీమీటర్లయితే సాగు 40. రెండూ సత్యాలే. కాని 40 అన్నప్పుడు ఒకరు భుజాన్ని, మరొకరు సాగును తలచుకుంటే, కోరినదానిలో సగం కన్నుగల వల చేతికి వస్తుంది. పిల్లచేపలు అందులో చిక్కుతాయి. గుడ్డు పెట్టకమునుపే పోయిన చేప తన సంతానాన్ని కూడ వెంట తీసుకుపోతుంది. నష్టం చివరకు జాలరిదే.

ఛందస్సు చదివినవారికి ఇది వింత కాదు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. లెక్కించేది అక్షరాలనో మాత్రలనో చెప్పకపోతే ఒకే పాదానికి రెండు సంఖ్యలు వస్తాయి.

గోల్ఫ్ కర్రలు కట్టేవారిదీ ఇదే తగవు. కర్ర అడుగుభాగం వంకర గనుక కొలత ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ ఆట నియమాల ప్రకారం కర్రను సమతలంపై పరచి, అడుగును 60 డిగ్రీల వాలుతలానికి ఆనించి, రెండు తలాలు కలిసే గీత నుండి పిడి కొన వరకు కొలుస్తారు. పుటర్‌కు మాత్రం పద్ధతి వేరు. తక్కిన కర్రలు 48 అంగుళాలు మించరాదు.

వలకూ అటువంటి ఒడంబడిక ఉండాలి. ఒక్క కన్నును కాక, పది కన్నులను వరుసగా ఒకే బిగువుతో సాగదీసి పదితో భాగించడం మేలు. ముడి మధ్య నుండి కొలిచామో, ముడి లోపలి అంచు నుండి కొలిచామో చెప్పాలి. తడిస్తే నూలు కుంచించుకుంటుంది. కనుక తడివలను తడివలతోనే పోల్చాలి.

వల కొనేవారు సంఖ్య ఒక్కటే అడిగి ఊరుకోరాదు. ఏ ముడి నుండి ఏ ముడి వరకు అని కూడ అడగాలి.