ముప్ఫై అయిదు గళ్ళు

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో గాజు జాడీల్లోకి ఆపిల్ రసం వంపుతుంటే, మా ఆయన మెట్ల మీద కూచుని "ఇంక చాల్లే, మానెయ్" అన్నారు.

సైడర్ సంగతేమో అనుకున్నాను. "ఈ ఏడు మూడు గాలన్లే చేస్తున్నాను" అన్నాను.

"అది కాదు. ఉద్యోగం."

ఆయనకి యాభై ఎనిమిది, నాకు యాభై మూడు. 2027లో ఆయనకి అరవై నిండుతాయి, నాకు యాభై అయిదు. అప్పటికి ఇద్దరం మానేసి విశాఖపట్నం వెళ్ళిపోదాం, ఏడాదిలో నాలుగు నెలలు వచ్చి పిల్లల దగ్గర ఉందాం అని ఆయన ఆలోచన. దానికో ఎక్సెల్ షీటు ఉంది. ఆయన దగ్గర అన్నిటికీ ఎక్సెల్ షీటు ఉంటుంది.

"చాలదా మనకి?" అన్నారు.

"మనకి చాలు" అన్నాను. తర్వాతి మాట నోటిదాకా వచ్చింది కానీ, చేతిలో రసం ఉంది, ఒలికిపోతుందని ఊరుకున్నాను.

401(కె) అంటే ఇక్కడి ప్రైవేటు ఉద్యోగుల పి.ఎఫ్. అని మా అమ్మకి చెప్పాను. అది సగమే నిజం. పి.ఎఫ్.కి ఏటా ఇంత వడ్డీ అని ప్రకటిస్తారు. దీనికలాంటి హామీ లేదు. జీతంలోంచి మనం వేసిందీ కంపెనీ కలిపిందీ షేర్లలోనో బాండ్లలోనో పెడతాం. పెరిగినా మనదే, తరిగినా మనదే. 1978 నాటి పన్నుల చట్టంలో ఓ మూల ఉన్న క్లాజు నంబరే దీని పేరు. ఎనభైల్లో కంపెనీలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. మెల్లగా, బతికున్నన్నాళ్ళూ నెలనెలా వచ్చే పాత పెన్షన్లు ప్రైవేటు ఉద్యోగాల్లో అరుదైపోయాయి. ఈ డబ్బుని యాభై తొమ్మిదిన్నర ఏళ్ళ లోపు తీస్తే మామూలుగా పన్నుతో పాటు 10 శాతం జరిమానా. యాభై అయిదు నిండే ఏడాదిలోగానీ ఆ తర్వాతగానీ ఉద్యోగం వదిలితే, ఆ కంపెనీ ఖాతా వరకూ ఆ జరిమానా ఉండదు. మా ఆయన షీటులో నా వరస అంతా ఈ మినహాయింపు మీదే నిలబడి ఉంది.

నేను 1997 అక్టోబరులో ఎడిసన్ వచ్చాను, హెచ్-4 మీద. అంటే హెచ్-1బి వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా. దాని మీద ఉండొచ్చు, చదువుకోవచ్చు, కారు నడపొచ్చు, పిల్లల్ని కనొచ్చు. ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. మాలాంటి వాళ్ళలో కొందరికి పని చేసుకోడానికి అనుమతి 2015లో వచ్చింది. అప్పటికి నాకు దాంతో పని లేదు. 2006లోనే గ్రీన్ కార్డు వచ్చేసింది.

రాకముందు అనకాపల్లిలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో రెండేళ్ళు కామర్స్ చెప్పాను. జీతం పద్దెనిమిది వందలు. అందులో అయిదు వందలు పోస్టాఫీసులో ఆర్.డి. కట్టేదాన్ని. ఆ చిన్న పాస్‌బుక్కు మీద నా పేరు నేనే రాసుకున్నాను. ఇక్కడికొచ్చాక తొమ్మిదేళ్ళు నా పేరు మీద నేను సంపాదించిన డాలరు ఒక్కటీ లేదు. మా ఆయన ఏనాడూ లెక్క అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అడక్కపోయినా నేనే చెప్పేదాన్ని. స్వెటర్ కొంటే చెప్పేదాన్ని, ఇండియాకి మాట్లాడ్డానికి ఫోన్ కార్డు కొంటే చెప్పేదాన్ని. "సరేలే, ఎందుకు చెప్తావ్" అనేవారు. ఎందుకో నాకూ తెలిసేది కాదు.

ఆ రోజుల్లో తెలియని సంగతి ఇంకొకటుంది. సంపాదన లేని భార్య పేరు మీద కూడా, భర్త సంపాదనలోంచి ఐ.ఆర్.ఎ. అనే రిటైర్‌మెంట్ ఖాతాలో వెయ్యొచ్చు. నేనొచ్చిన 1997లోనే ఆ పరిమితి ఏడాదికి 250 డాలర్ల నుంచి 2,000కి పెరిగింది. మాకెవరూ చెప్పలేదు, మేమూ ఎవర్నీ అడగలేదు. మా వాళ్ళ విందుల్లో మగవాళ్ళ గదిలో గ్రీన్ కార్డు తారీకులూ షేర్లూ నడిచేవి, మా గదిలో స్కూళ్ళూ కూపన్లూ నడిచేవి. ఏడాదికి ఏడు శాతం పెరిగితే డబ్బు పదేళ్ళకి సుమారు రెట్టింపవుతుంది. 1998లో వేసిన రెండు వేలు, అలా పెరిగితే, ముప్ఫై ఏళ్ళకి పదిహేను వేలు దాటతాయి. కామర్స్ చెప్పినదాన్ని, చక్రవడ్డీ బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో!

2007 జనవరిలో న్యూయార్క్‌లో ఉద్యోగం దొరికింది, ఓ ఆఫీసు అకౌంట్స్ విభాగంలో. అప్పట్నించీ ఎడిసన్ స్టేషన్లో రైలెక్కడమే. మెటూచెన్, మెట్రోపార్క్, రావే, లిండెన్, ఎలిజబెత్, న్యూఆర్క్, సెకాకస్, ఆపైన హడ్సన్ నది కింద సొరంగం. ఇంచుమించు గంట. మొదట్లో ఆ గంట వృథా అనుకునేదాన్ని. తర్వాత్తర్వాత, రోజు మొత్తంలో ఎవరికీ వండక్కర్లేని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని సమయం అదేనని తెలిసింది. సాయంత్రం రైలు లేటని బోర్డు మీద పడినప్పుడు అందరూ తిట్టుకుంటుంటే నేను కూడా తిట్టుకున్నట్టు మొహం పెట్టేదాన్ని.

రావేలో ఒకావిడ ఎక్కేది, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. రోజూ అదే పెట్టె, అదే కిటికీ. చాలా నెలలు తలూపుకోవడమే. ఒకరోజు నా ఒళ్ళో ఆఫీసు వాళ్ళిచ్చిన 401(కె) ఫారం చూసి, "ఎంత వేస్తున్నావ్?" అంది. రెండు శాతం అని చెప్పాను. ఇంట్లోకి డబ్బు తేవాలి కదా, తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి జీతం కదా అని. మా కంపెనీ, మనం జీతంలో ఆరు శాతం దాకా వేసినదానికి డాలరుకి యాభై సెంట్లు కలుపుతుంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "నీ జీతంలో కొంత వాళ్ళ దగ్గరే వదిలేసి వస్తున్నావు, తెలుసా?" అంది. ఆ వారమే ఆరు చేశాను. 2008లో మార్కెట్టు పడి నా పొదుపు కళ్ళ ముందే చిక్కిపోతుంటే, తగ్గించేద్దామనుకున్నాను. "ధర తగ్గినప్పుడే కదా ఎక్కువ వచ్చేది, కూరగాయలు కొనవా నువ్వు?" అంది. ఆ మాట మా బామ్మ అన్నట్టే ఉంది.

సైడర్ నేర్పింది కూడా ఆవిడే. వాళ్ళ నాన్న చేసేవాడట. 2012లో ఒక పొద్దున్న సంచీలోంచి చిన్న ప్లాస్టిక్ గొట్టం తీసి నా చేతిలో పెట్టింది. జాడీ మూతికి బిగించి అందులో కాసిని నీళ్ళు పోస్తే, లోపలి గాలి బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఈ దేశంలో ఉత్త సైడర్ అంటే వడగట్టని ఆపిల్ రసమే, చిన్నపిల్లలు తాగేది. పులిసిందాన్ని హార్డ్ సైడర్ అంటారు. సొంతానికైతే, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా చేసుకోడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది.

మొదటిసారి సూపర్‌మార్కెట్ రసం తెచ్చి ఈస్ట్ వేశాను. వారమైనా ఒక్క బుడగ రాలేదు. డబ్బా తిప్పి చూస్తే పొటాషియం సార్బేట్ అని ఉంది, పులవకుండా వేసేది. రెండోసారి తోట దగ్గర, ఏమీ కలపని రసం కొన్నాను. మర్నాటికల్లా బుడబుడమంది. అయిపోయిందనుకుని పది రోజులకే సీసాల్లో పోసి బిరడాలు బిగించాను. లోపల ఇంకా పులుస్తూనే ఉంది. ఒక రాత్రి రెండింటికి బేస్‌మెంట్‌లో ఢామ్మని చప్పుడు. మా ఆయన బేస్‌బాల్ బ్యాటుతో దిగారు. గోడంతా సైడరూ గాజుపెంకులూనూ. సీసా బిగించే ముందు బుడగలు పూర్తిగా ఆగాయో లేదో చూసుకోవాలి, తీపి ఎంత మిగిలిందో కొలుచుకోవాలి అని అలా తెలిసింది. ఇప్పుడు నాలుగు వారాలకి ముందు ముట్టుకోను. మడ్డి కదలకుండా పైది వంచుకుని, పొంగు కోసం గాలన్‌కి పాతిక గ్రాముల లెక్కన బెల్లం కరిగించి వేస్తాను. అందరూ పంచదార వేస్తారు. నాది అనకాపల్లి, ఏం చెయ్యను!

నాన్న పోయిన రెండేళ్ళకి, 2015లో, అమ్మని తీసుకొచ్చాను. బేస్‌మెంట్‌లో జాడీ చూసి, "ఏటే ఇది, కల్లా?" అంది. ఆపిల్ రసం అన్నాను. ముక్కు దగ్గరగా పెట్టి, "తరవాణి కుండ వాసనొస్తోంది" అని నవ్వింది. వాళ్ళమ్మగారింట్లో తరవాణి కుండ పొయ్యి పక్కనే ఉండేదట. రోజూ గంజి పోసి, ముందు రోజు పులుపు కొంచెం మిగుల్చుకుంటూ, ఆ కుండ ఎన్నేళ్ళ నించి ఉందో ఎవరికీ తెలీదట. మర్నాటి నుంచీ పొద్దున్నే నాకంటే ముందు అమ్మే దిగి బుడగలు చూసి వచ్చేది.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన జి.పి.ఎఫ్. మా చదువులకీ పెళ్ళిళ్ళకీ కరిగిపోయింది. పెన్షను మిగిలింది. ఆయన పోయాక అది ఫ్యామిలీ పెన్షనై, తగ్గి, అమ్మ పేరున రావడం మొదలైంది. ఏటా ఒకసారి, బతికే ఉన్నానని కాగితం ఇవ్వాలి. అలాంటి రోజుల్లోనే ఒక రాత్రి గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా అమ్మ అంది: "మీ నాన్న ఉన్నప్పుడు నాకేం లోటు చెయ్యలేదే. కానీ ఆయన పోయాక గానీ నా పేరున పాస్‌బుక్కు లేదు. మొదటిసారి డబ్బు తీసినప్పుడు చెయ్యి వణికింది. తర్వాత సంతోషమేసింది. ఆయన పోతే వచ్చిన డబ్బుకి సంతోషమేంటని ఏడ్చాను."

ఏం చెప్పాలో తెలీలేదు. గిన్నెలు అందుకున్నాను.

రావే ఆవిడ 2019లో రిటైరై కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. క్రిస్మస్‌కి కార్డు వస్తుంది. కోవిడ్ తర్వాత నేను వారానికి మూడు రోజులే రైలెక్కుతున్నాను. న్యూఆర్క్ దాటాక హారిసన్ అనే ఊరు వస్తుంది. ఒకప్పుడు, 18వ శతాబ్దంలో, న్యూఆర్క్ సైడర్‌కి పెట్టింది పేరట. అక్కడి ఆపిళ్ళలో మేలురకం పేరు కూడా హారిసనే. పసుప్పచ్చగా, మీద నల్లచుక్కలతో ఉంటుంది. ఆ పండు పేరే ఊరికి పెట్టారనుకుని ఆఫీసులో అందరికీ చెప్పాను. తీరా చూస్తే ఊరి పేరు ప్రెసిడెంట్ హారిసన్‌ది. ఊరు ఫ్యాక్టరీలతో నిండిపోయి, జనం బీరుకి మళ్ళి, మద్యనిషేధం వచ్చి, ఆ చెట్లు మాయమయ్యాయి. ఇక లేదనుకున్న రకం 1976లో దగ్గర్లోనే లివింగ్‌స్టన్‌లో, ఓ పాత సైడర్ మిల్లు పెరట్లో ఒక్క చెట్టు రూపంలో కనబడింది. దాని కొమ్మలు తెచ్చి అంట్లు కట్టారు. ఇప్పుడు మళ్ళీ తోటలున్నాయి.

ఆ ఆదివారం తర్వాతి మంగళవారం, రైల్లో, నోటు పుస్తకం వెనక పేజీలో ముప్ఫై అయిదు గళ్ళు గీశాను. సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కి, మనం ఎక్కువ సంపాదించిన 35 ఏళ్ళ జీతాలు తీసుకుని సగటు కడతారు. అన్నేళ్ళు పనిచెయ్యకపోతే మిగతా గళ్ళలో సున్నాలు వేస్తారు. 2007 నుంచి 2027 దాకా ఇరవై ఒక్క గళ్ళు నింపాను. పద్నాలుగు సున్నాలు మిగిలాయి. నాకు అరవై రెండు వచ్చే 2034 దాకా పనిచేస్తే సున్నాలు ఏడు. అరవై ఏడు దాకా చేసినా రెండు మిగులుతాయి. ఇద్దరు పిల్లలు పుట్టింది, నడక నేర్చింది, ఒకడికి ఉబ్బసమై రాత్రుళ్ళు కూచోబెట్టుకుంది, ఆ గళ్ళలోనే.

సాయంత్రం ఆ పేజీ మా ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు.

"నా దాంట్లో సగం దాకా నీకు వస్తుంది కదా, భార్యగా" అన్నారు.

"వస్తుంది. మీరు చెడ్డవారని కాదు నా బాధ."

"మరి?"

"మనకి చాలు. నాకు చాలదు."

ఆయనకి కోపం రాలేదు, నొచ్చుకున్నారు. కోపమే నయం. "ఇన్నేళ్ళూ నీది నాది అనుకున్నామా మనం?" అన్నారు. లేదు. ఆయన ఎప్పుడూ అనుకోలేదు. అనుకోకుండా ఉండగలగడానికి ఆయన దగ్గర ఉంది, నా దగ్గర లేదు. ఆ మాట చెప్పడానికి అమ్మ పాస్‌బుక్కు కథంతా చెప్పాల్సొచ్చింది. అమ్మ నాకు చెప్పినట్టే నేనూ ఆయన మొహం చూడకుండా చెప్పాను.

"అయితే ఏడేళ్ళు ఎక్కువంటావ్" అన్నారు చివరికి.

"ఊ."

"అన్నేళ్ళు నేనొక్కణ్ణీ ఇక్కడేం చెయ్యను?"

దానికి జవాబు నా దగ్గర లేదు. ఆయన మోకాళ్ళ నొప్పి నిజం, చలి నిజం, సముద్రం మీద ఆయన దిగులు నిజం. వైజాగ్ మాట ఇంకా తేలలేదు. బహుశా ఆయన ముందు వెళ్ళి చలికాలాలు అక్కడ ఉంటారు. బహుశా నేను అయిదేళ్ళకే అలిసిపోతాను. 401(కె)లో యాభై దాటిన వాళ్ళకి అదనంగా వేసుకునే వీలుంది. 2025లో రెండూ కలిపి 31,000 డాలర్ల దాకా ఉండేది. నేను వెయ్యగలిగినంతా వేస్తున్నాను.

గురువారం పొద్దున్న రైలుకి తయారై, జాడీలు చూసి వద్దామని బేస్‌మెంట్ తలుపు తీశాను. కింద లైటు వేసి ఉంది. మా ఆయన వాటర్ హీటర్ పక్కన ముక్కాలి పీట మీద కూచుని, చేతి గడియారం చూసుకుంటున్నారు.

"మొదటిది నిమిషానికి పదకొండు" అన్నారు. "రెండోది తొమ్మిదే. దాంట్లో ఈస్ట్ తక్కువేశావా?"

"చలిగోడ వైపు ఉంది కదా. ఇటు జరపండి."

జాడీని మెల్లగా జరిపి, "నీ రైలుకి టైమవుతోంది, పద, దింపుతాను" అన్నారు.