రక్తం తక్కువ

మా ప్రసూతి వార్డులో గర్భిణి ఫైలు తెరవకముందే కింది కనురెప్ప లాగి చూస్తాం. తర్వాత నాలుక, గోళ్ళు, అరచేతులు. ల్యాబ్ వాళ్ళు చెప్పబోయేది చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములుండాలి. 7 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. అలాంటి వాళ్ళు స్ట్రెచర్ మీద వస్తారనుకుంటారేమో! బస్సు దిగి, చంకలో పెద్దపిల్లతో నడిచే వస్తారు. ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గింది కదా, ఒళ్ళు దానికే అలవాటు పడిపోతుంది. "ఏం ఇబ్బందమ్మా?" అని అడిగితే "ఏం లేదు సిస్టరమ్మా, జర ఆయాసమొస్తది" అంటారు. బియ్యమో, బలపమో తినబుద్ధవుతోందని మాత్రం చెవిలో చెబుతారు. అదీ ఈ జబ్బు లక్షణమేనంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు.

ఒకమ్మాయికి ఇరవై రెండేళ్ళు, రెండో కాన్పు, ఎనిమిదో నెల. 5.4 ఉంది. వారం ముందు వరకూ పత్తి ఏరింది. కాన్పులో మామూలు మనిషి తట్టుకోగలిగే రక్తస్రావం ఈమె ప్రాణం తీయగలదు. రక్తం ఎక్కించడమూ సులువు కాదు. పలచని రక్తంతో ఒంటికి ప్రాణవాయువు అందించడానికి గుండె అప్పటికే పరుగులు పెడుతుంటుంది. ఒక్కసారిగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మెల్లగా ఎక్కించాలి, కానీ నాలుగు గంటల్లో బ్యాగు అయిపోవాలి. మొదటి పావుగంట చలి, దద్దుర్లు, నడుంనొప్పి వస్తాయేమో చూస్తూ మంచం పక్కనే నిలబడాలి. ఆ రాత్రి నలభై మంచాలకు మేం ఇద్దరమే.

బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు తక్కువగా ఉంది, దాతను తెచ్చుకోమన్నారు. భర్త రక్తం సరిపోతుంది. ఆయనకు 14 ఉంది. ఇవ్వడానికి 12.5 చాలు. "నేనిస్తే రేపు పనెట్ల జేస్త మేడం?" అన్నాడు. "వాడు నీరసమైతడు" అంది అత్తగారు. చివరికి ఆమె తమ్ముడిచ్చాడు.

ఒకే కుండలో అన్నం. ఒకరికి 14, ఒకరికి 5.4. నెలసరి, వెంటవెంటనే కాన్పులు, కడుపులో కొంకిపురుగులు అన్నీ కారణాలే, కాదనను. కానీ ఆఖరున తినేవాళ్ళకు ఏం మిగులుతుందో ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి, అదే వయసు మగవాళ్ళలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒకసారి సరదాకి మా స్టాఫ్ అందరం పరీక్ష చేయించుకున్నాం. నాకు 9.6. నైట్ డ్యూటీలో టీ తాగి, ఇంటికెళ్ళి అందరికీ వండిపెట్టి పడుకునేదాన్ని మరి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదని పేషెంట్లకు రోజూ చెప్పేదీ నేనే.

రెండు బ్యాగులతో ఆమెకు 7.3 వచ్చింది. కాన్పు క్షేమంగా అయింది. డిశ్చార్జి రోజున ఆర్నెల్లు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చాను. విరేచనం నల్లగా అవుతుంది, భయపడొద్దన్నాను. రాత్రి తిన్నాక రెండు గంటలాగి వేసుకోమన్నాను.

"నేను తినేదే పదకొండుకు సిస్టరమ్మా. రెండు గంటలాగితే ఎన్నింటికి పండుకోవాలె? నాలుగింటికి లేవాలె గదా."

అత్తగారు పక్కనే బట్టలు మూటగడుతోంది. పిలిచి ఇద్దరినీ కూర్చోబెట్టాను.