గొంతు ఎవరి సొత్తు?

మూకీల యుగం ముగిసిన తీరును గురించి మనకొక కథ చెబుతారు. 1927 తరువాత వెండితెరకు మాట వచ్చింది. గొంతు చక్కగా ఉన్న తారలు నిలిచారు, లేనివారు రాలిపోయారు. ఇందులో ఎవరి దోషమూ లేదు. యంత్రం మారింది, కొందరు మనుషులు మారలేకపోయారు, అంతే. ఎంత తేలికైన కథ! మగ్గాలు మూలపడ్డప్పుడు నేతగాళ్లను గురించి చెప్పిందీ ఇటువంటి కథే. యంత్రం ఎవరి చేతిలో ఉన్నది, దాన్ని ఎవరు ఎవరిమీద ప్రయోగించారు అన్న ప్రశ్న ఈ కథలో ఎక్కడా రాదు.

ఆ ప్రశ్న వేసుకోవటానికి అమెరికన్ నటి, నర్తకి లూయిస్ బ్రూక్స్ జీవితం కంటె మంచి ఆధారం నాకు కనిపించలేదు. నేను సినిమా పండితురాలిని కాను; కాలేజీలో తెలుగు సాహిత్యం చెప్పి బతుకుతున్నదాన్ని. ఆమె నటించిన ‘పండోరాస్ బాక్స్’ను ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో చూశాను. తరువాత ఆమె రాసిన వ్యాసాలు చదివాను. చిత్రం చూసినప్పుడు కలిగింది ఆశ్చర్యం. వ్యాసాలు చదివినప్పుడు కలిగింది గౌరవం. ఈ రెండోదాన్ని గురించే ముఖ్యంగా చెప్పాలి.

ఆమె 1906 నవంబరు 14న కాన్సాస్ రాష్ట్రంలో చెరీవేల్ అనే చిన్న పట్నంలో పుట్టింది. తండ్రి వకీలు, తల్లికి పియానో వచ్చు. తొమ్మిదేళ్ల వయసులో పొరుగువాడొకడు ఆ పిల్లమీద లైంగిక దౌర్జన్యం చేశాడు. ఏళ్ల తరువాత సంగతి చెబితే తల్లి నేరాన్ని కూతురిమీదనే మోపింది. పదిహేనేళ్లకే, 1922లో, ఆమె ఇల్లు విడిచి డెనిషాన్ నృత్యబృందంలో చేరింది. తరువాత ఆధునిక నృత్యానికి పెద్దదిక్కయిన మార్తా గ్రహాం అప్పుడు ఆ బృందంలోనే ఉన్నది.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆ బృందాన్ని నడిపిన ఇద్దరిలో ఒకరైన రూత్ సెయింట్ డెనిస్ కీర్తికి పునాది, 1906లో న్యూయార్కులో ఆమె ప్రదర్శించిన ‘రాధ’. భారతీయమని పేరే గాని అది ఆమె ఊహలో అల్లుకున్న నృత్యం. ‘నాచ్’ పేరుతో కూడా ఆమె ఆటలు ఆడింది. ఆ కాలంలోనే మద్రాసు ప్రెసిడెన్సీలో మన కళావంతుల ఆటను మానిపించాలన్న ఉద్యమం సాగుతూ ఉన్నది. 1947లో అక్కడ దేవదాసీ వ్యవస్థను శాసనంతో రద్దు చేశారు. ఆ దోపిడీ పోవలసిందే, సందేహం లేదు. కాని ఆటను తరతరాలుగా మోసిన స్త్రీలకు దక్కింది నింద. దాని నకలుకు అమెరికాలో దక్కింది కళ అన్న గౌరవం. స్త్రీ శరీరం ఆడే ఆటకు విలువ కట్టే అధికారం ఆడే మనిషికి ఏనాడూ లేదు. బ్రూక్స్ కూడా ఈ సత్యాన్ని త్వరలోనే తెలుసుకున్నది. 1924లో రూత్ ఆమెను బృందమంతటి ఎదుటా పనిలోంచి తీసివేసింది.

బ్రాడ్‌వే రంగస్థలంమీద, 1925లో జీగ్‌ఫెల్డ్ ‘ఫాలీస్’లో నర్తించిన తరువాత పారమౌంట్ కంపెనీ ఆమెతో కాంట్రాక్టు రాయించుకున్నది. నుదుటిమీదికి సమంగా కత్తిరించిన నల్లని కురచ జుట్టు ఆ కాలపు యువతులకు ఫ్యాషనయింది. 1928లో వెల్మన్ తీసిన ‘బెగ్గర్స్ ఆఫ్ లైఫ్’లో ఆమె, తనను చెరచబోయిన పెంపుడు తండ్రిని చంపి, మగవేషం వేసుకుని, దేశదిమ్మరులతో గూడ్సు బండ్లెక్కి పారిపోయే పిల్ల. అమెరికా తన పేదరికాన్ని తెరమీద చూసుకోవటానికి అంతగా ఇష్టపడని రోజులవి.

టాకీల కాలం అప్పుడే ముంచుకొచ్చింది. బ్రూక్స్ జీతం పెరగవలసి ఉన్నది. స్టూడియో అధికారి షుల్బర్గ్ ఆమెను పిలిచి, వారానికి 750 డాలర్ల పాత జీతానికి ఉంటే ఉండు, లేకపోతే వెళ్లు అన్నాడు. టాకీలు వస్తున్నాయి, ఎవరి గొంతు ఎట్లా ఉంటుందో అన్నది సాకు. ఇరవై రెండేళ్లు నిండని ఆ పిల్ల, వెళ్తానన్నది. 750 డాలర్లు ఆనాటి కూలివాడికి కలలోనైనా కనిపించని మొత్తం. ఆమె పేదరాలని నేననటం లేదు. బేరం స్వభావం చూడమంటున్నాను. ఇంకా పరీక్షించని గొంతును లోపంగా లెక్కకట్టి జీతం ఆపటం ఎటువంటి న్యాయం?

తరువాత జరిగింది మరీ ముఖ్యం. ‘ది కానరీ మర్డర్ కేస్’ను ఆమెతో అప్పటికే మూకీగా తీసి ఉన్నారు. దాన్ని టాకీగా మార్చాలి, వచ్చి మాటలు చెప్పమని కబురు పెట్టారు. ఆమె రానన్నది. బొమ్మ ఆమెది ఉంచి, మార్గరెట్ లివింగ్‌స్టన్ అనే మరో నటిచేత మాటలు చెప్పించి 1929లో విడుదల చేశారు. పైగా బ్రూక్స్ గొంతు టాకీలకు పనికిరాదని ప్రచారం లేవదీశారు. 1931లో ఆమె టాకీలలో మాట్లాడనే మాట్లాడింది. గొంతులో లోపమేమీ లేదు. లోపమల్లా ఆ గొంతు ‘వెళ్తాను’ అని పలకటమే.

ఇది చదివినప్పుడు నాకు నా సంగతే గుర్తుకొచ్చింది. 2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు నేను పనిచేసిన ఒక ప్రైవేటు కాలేజీలో మాచేత పాఠాలు రికార్డు చేయించారు. మరుసటేడు జీతం పెంచమని అడగబోతే, “మీ పాఠాలు మా దగ్గరున్నాయి గదా మేడమ్!” అన్నారు. ఏదో తరగతిలో నా గొంతు ‘కన్యాశుల్కం’ పాఠం చెబుతూనే ఉన్నది. దానికి మాత్రం జీతం అక్కరలేదు. తార సంగతి వేరు, కాంట్రాక్టు లెక్చరరు సంగతి వేరు. కాని చేసిన పనిని చేసిన మనిషినుంచి విడదీసి దాచుకోగలిగిన నాడు యజమానికి మనిషి అవసరం తగ్గుతుంది. 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేసినప్పుడు, కృత్రిమ మేధతో తమ రూపాన్నీ గొంతునూ అనుమతి లేకుండా వాడుకోరాదన్నది వారి ముఖ్యమైన కోర్కెల్లో ఒకటి. బ్రూక్స్ 1928లో ఒంటరిగా వేసిన ప్రశ్నకు సంఘం ఏర్పడటానికి ఇంతకాలం పట్టింది!

హాలీవుడ్ విడిచిన బ్రూక్స్‌ను జర్మన్ దర్శకుడు పాబ్‌స్ట్ బెర్లిన్‌కు పిలిపించుకున్నాడు. వేడెకిండ్ 1895లోనూ 1904లోనూ వెలువరించిన రెండు నాటకాలే ‘పండోరాస్ బాక్స్’కు మూలం. నాయిక లులు, మన మధురవాణికి సమకాలికురాలు: ‘కన్యాశుల్కం’ అచ్చయింది 1897లో, కొత్త కూర్పు 1909లో. ఇద్దరి చుట్టూ చేరినవారూ పెద్దమనుషులే. పగలు మర్యాద, రాత్రి బేరం. గురజాడ మధురవాణికి మాట ఇచ్చాడు. ఆమె నోటితోనే రామప్పంతులు బండారం బయటపెట్టించాడు. మూకీలో లులుకు ఆ ఆయుధం లేదు. వాచికం లేనిచోట బ్రూక్స్ ఆంగికంతోనే పని నడిపింది. నాట్యశాల తెరవెనుక దృశ్యం చూడండి. తనను విడిచి గొప్పింటి పిల్లను పెళ్లాడబోతున్న డాక్టర్ షోన్ ఎదుట తాను ఆడనని లులు మొండికేస్తుంది. సామాను గదిలో అతడు వాదించి, చివరికి ఆమె కౌగిట్లో పడతాడు. తలుపు తెరుచుకుని కాబోయే భార్య కనిపించినప్పుడు లులు ముఖంలో ఒక్క నవ్వు వెలుగుతుంది. కళ్లు తిప్పటం లేదు, గుండె బాదుకోవటం లేదు. మార్తా గ్రహాం ఆటను చూసి నటన నేర్చుకున్నానని బ్రూక్స్ తరువాత చెప్పింది. ఆనాటి బెర్లిన్ విమర్శకులు మాత్రం ఈమె నటించటమే లేదన్నారు. అతిని అభినయమనుకునే కళ్లకు నిగ్రహం శూన్యంగా కనిపించటంలో వింత లేదు. అదే ఏడు పాబ్‌స్ట్‌తో చేసిన ‘డైరీ ఆఫ్ ఎ లాస్ట్ గర్ల్’ను సెన్సారు కోతలు కోసింది.

తిరిగి వెళ్లిన ఆమెకు హాలీవుడ్‌లో చిన్న వేషాలే దొరికాయి. 1932లో దివాలా తీసింది. 1938లో చివరి చిత్రం చేసింది. 1940లో కాన్సాస్‌కు పోయి నృత్యశాల పెడితే నిలబడలేదు. 1946 నుంచి 1948 వరకు న్యూయార్కులో సాక్స్ దుకాణంలో వారానికి 40 డాలర్లకు అమ్మకాలు చేసింది. 750 నుంచి 40! పతనమంతా స్టూడియోలవల్లనే అనటం అతిశయోక్తి. ఆమె మొండిది, తాగుబోతు, దొరికిన అవకాశాలను కాలదన్నుకున్నది కూడా. కాని మొండి మగవాణ్ణి మేధావి అనే లోకమే మొండి స్త్రీని పనికిరానిది అన్నది.

1955లో పారిస్‌లోని సినెమాతెక్ ప్రదర్శనలో ఆమె చిత్రపటాన్ని పెద్దగా పెట్టారు. 1956లో, ఈస్ట్‌మన్ హౌస్‌లో పాత చిత్రాలను భద్రపరిచే జేమ్స్ కార్డ్ ప్రోత్సాహంతో రోచెస్టర్ చేరింది. యాభయ్యో యేట తన కాలపు చిత్రాలను చూస్తూ, రాయటం మొదలుపెట్టింది. తారలు రాసుకునే వలపుల జ్ఞాపకాలు కావవి. గిష్, గార్బోల మీద రాసిన వ్యాసంలో ఆమె వాదన ఇది: నిర్మాతలు లిలియన్ గిష్ వంటి ఎక్కువ జీతపు తారలను పథకం ప్రకారం దెబ్బతీశారు, కొత్తగా, చవకగా దొరికిన గార్బోను అందుకు సాధనం చేసుకున్నారు. టాకీ కూడా జీతాలు కోయటానికి దొరికిన సాకే. ‘ప్రేక్షకుల అభిరుచి మారింది’ అన్న మాట వెనుక లెక్కల పుస్తకాన్ని చూపించిన విమర్శ ఇది. ఆమె మార్క్సు చదివిందో లేదో గాని తన జీతాన్ని మాత్రం జాగ్రత్తగా చదివింది. ఆ వ్యాసాలు 1982లో ‘లులు ఇన్ హాలీవుడ్’గా వచ్చాయి. 1985 ఆగస్టు 8న ఆమె మరణించింది.

ఆమెకు ఈ రెండో జన్మ ఎట్లా వచ్చింది? రీళ్లను ఎవరో దాచారు, చదువు అబ్బింది, అచ్చువేసే పత్రికలు దొరికాయి. మన దక్షిణాదిన ఈ మూడూ ఎందరికున్నాయి? 1921 నాటి ‘భీష్మప్రతిజ్ఞ’ ప్రతి మిగలలేదు. తొలి మలయాళ చిత్రం ‘విగతకుమారన్’ నాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. నాయరు స్త్రీ వేషం కట్టినందుకు అగ్రకులస్థులు ఆమెను ఊరినుంచే వెళ్లగొట్టారు. ఆ చిత్రమూ పోయింది, దాన్ని గురించి ఆమె చెప్పవలసిన మాటా పోయింది.

మన నటీమణుల చరిత్ర రాయదలచిన విద్యార్థులకు నా మనవి ఒక్కటే. అందాన్నీ ప్రేమకథలనూ వర్ణించటానికి ముందు కాంట్రాక్టు అడగండి, జీతం అడగండి, ఎందుకు మానేశారో అడగండి. వృద్ధులైన మన రంగస్థల కళాకారిణులు ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పేది వాళ్ల మాటల్లోనే రాసుకోండి, వాళ్ల పేరుతోనే అచ్చు వెయ్యండి.