రెండూ దాపటెద్దులే

సావెనీరుకు ఏదైనా వ్రాయమని యూనియన్ మిత్రులు అడిగితే కవిత వ్రాద్దామని కూర్చున్నాను. రాలేదు. కథ అసలే రాదు. బి.యస్సీ. ఫిజిక్సు చదివేవాడికి లెక్కలు తప్ప ఏం వస్తాయి? అందుకని పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక యింజను రిపేరు గూర్చి వ్రాస్తున్నాను. విసుగనిపిస్తే పేజీ తిప్పేయండి, పక్క పేజీలో కవిత ఉండే ఉంటుంది.

మావి సాగర్ కుడికాలువ కింద, అద్దంకి బ్రాంచి చివరి భూములు. ప్రాజెక్టు కాలువలకు 1967లో నీళ్ళు వదిలారు. 2022లో జిల్లాలు విడగొట్టి కొత్త పేర్లు పెట్టారు గాని, కాలువ చివరనున్నవాళ్ళం ఇంకా చివరనే ఉన్నాం. పైగా మా చేను మెరక. వంతు వచ్చిన రోజున ఆయిలింజను పెట్టి తోడుకోవాల్సిందే. వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత కరెంటు వచ్చినమాట నిజమే, స్తంభం ఉన్నవాళ్ళకి. మా చేలో స్తంభం లేదు.

పత్తి నల్లరేగడిలోని తేమతో ఎలాగో గట్టెక్కుతుంది. మిరప అలా కాదు. పూత మీద ఒక్క తడి తప్పినా నేలంతా రాలిన పూతే. నిరుడు మాకు అదే జరిగింది. వంతు ఇంకో వారం ఉందనగా యింజను పొగ కొడుతోందని పేరూ ఊరూ లేని రింగుల పాకెట్టు ఒకటి తెచ్చి, తెచ్చినవి తెచ్చినట్టు ఎక్కించేశాం. వంతు నాటి రాత్రి మూడు గంటలు నడిచి పట్టేసింది. విప్పి చూస్తే పై రింగు మూడు ముక్కలు, లైనరు నిండా గీతలు. ఎకరంన్నర పూత రాలిపోయింది. నాన్న ఎవర్నీ ఏమీ అనలేదు. కల్లంలో కాయ ఆరబోసినప్పుడు మాత్రం అమ్మ అటువైపు రావడం మానేసింది.

ఈ ఏడు పత్తి డబ్బు చేతికి రాగానే ఫుల్ జాబు చేయిద్దామని నాన్న, మేస్త్రి, పెదనాన్నగారబ్బాయి, నేను గుంటూరు వెళ్ళాం. మా అన్నయ్య గురించి ఒక మాట చెప్పాలి. ట్రాక్టరు తోలుతాడు, మనసంతా పందెం కార్ల మీద. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగితే పనులన్నీ మానుకుని వెళ్ళాడు. ఆ కార్లు కరెంటువి, వాటిలో పిస్టనే ఉండదు. అయినా మోజు తగ్గలేదు.

షాపులో అన్నయ్య లిస్టు చదివాడు. "పిస్టను ఫోర్జింగుది ఉంటే ఇవ్వండి. లైనరు క్రోముది. రింగులూ క్రోమువే. గవర్నరు సంగతి మేం చూసుకుంటాం. పదిహేనువందలు తిరిగేదాన్ని పద్దెనిమిదివందలు తిప్పితే రాత్రంతా పట్టే తడి అర్ధరాత్రికే అయిపోద్ది బాబాయ్!"

నాన్న నావైపు చూశాడు. నేను జేబులోంచి పుస్తకం తీశాను.

మాది 5 హార్సుపవరు యింజను. బోరు 80 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ. నిమిషానికి 1500 చుట్లంటే గంటకు తొంభైవేల చుట్లు. పిస్టను పై మలుపు తిరిగే క్షణాన దాని త్వరణం గురుత్వ త్వరణానికి 150 రెట్లు దాటుతుంది. ఆ లాగుడంతా పడేది కనెక్టింగు రాడ్డు మీద, దాని బోల్టుల మీద. చుట్లు 1.2 రెట్లు పెంచితే ఈ బలం 1.44 రెట్లవుతుంది. పంపు సంగతి ఇంకా ఘోరం. నీళ్ళు 1.2 రెట్లే వస్తాయి, కాని అది అడిగే పవరు ఘనం లెక్కన 1.73 రెట్లు. అయిదు కాస్తా ఎనిమిదిన్నర దాటాలి. అది మా యింజనులో లేదు. ఉన్నదల్లా నల్లపొగ.

ఇదంతా చెబితే అన్నయ్య ముఖం మాడింది. "నీ చదువు నీళ్ళు పారిస్తదా?" అన్నాడు. నిరుడు రింగులు ఎక్కించేటప్పుడు ఈ చదువు ఎక్కడికి పోయిందని ఆయన అడగలేదు. నేనే అడుక్కున్నాను. ఆ రోజు నేనూ పక్కనే నిలబడి టార్చిలైటు పట్టుకున్నాను మరి.

ఫోర్జింగు పిస్టను సంగతి మేస్త్రి తేల్చాడు. పందెం కార్లకు వేసే వాటిలో సిలికాన్ తక్కువుండే రకాలు దెబ్బకు ఓరుస్తాయి, కాని వేడికి ఎక్కువ ఉబ్బుతాయి. అందుకని సందు ఎక్కువ వదలాలి. చల్లగా ఉన్నంతసేపు టకటక కొట్టుకుంటాయి. "మన యింజను పరుగు పందేనికి పోదబ్బాయా, తెల్లార్లూ ఒకే నడక నడవాలి. పోతపోసిన పిస్టను చాలు."

అప్పుడు నేను తెలివి ప్రదర్శించబోయాను. సందు ఎంత బిగువుగా ఉంటే కంప్రెషను అంత బాగుంటుంది గదా, రింగు మూతులు దాదాపు తగిలేట్టు చూడమన్నాను. మేస్త్రి నవ్వలేదు. ఒక రింగును లైనరులో దించి, పిస్టనుతో చదునుగా నెట్టి, మూతుల మధ్య ఫిల్లర్ గేజి పెట్టి నా చేతికిచ్చాడు. "నిరుడు ఈ సందు చూడలేదు. వేడికి మూతులు గుద్దుకున్నాయి. ఇంక పోవడానికి చోటేదీ? విరిగింది." నూరు డిగ్రీల వేడికి 80 మి.మీ. అల్యూమినియం 0.18 మి.మీ. ఉబ్బుతుందని, పోత ఇనుము అందులో సగమేనని నేను పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పిస్టను మిశ్రమం ఇంకొంచెం తక్కువ ఉబ్బుతుంది, అంతే తేడా. సూత్రం తెలుసు. రింగు ఉబ్బుతుందని మాత్రం తట్టలేదు.

ఇక క్రోము. షాపు ఆయన రెండూ బల్ల మీద పెట్టాడు. రెండూ ఖరీదైనవే, అద్దాల్లా మెరుస్తున్నాయి. మేస్త్రి ఒకటి పక్కకు నెట్టాడు. క్రోము రింగు పోత ఇనుము లైనరులో హాయిగా నడుస్తుంది. క్రోము లైనరుకు మామూలు ఇనుప రింగు వేయాలి. రెండూ క్రోమైతే ఒకదాన్నొకటి గీరుకుని పాడవుతాయి. అన్నయ్యకు నమ్మకం కుదరలేదు. "రెండూ మంచియ్యే గదా?"

అంతదాకా మాట్లాడని నాన్న అప్పుడన్నాడు. "రెండూ మంచి దాపటెద్దులే తెచ్చి కాడి కింద కడితే నాగలి నడుస్తదంట్రా?"

పోత ఇనుము లైనరు, దానికి జతైన పిస్టను, పై రింగొక్కటి క్రోముది తీసుకున్నాం. సరిగ్గా అక్కడ డబ్బు అయిపోయింది. క్రాంకుకు మైక్రోమీటరు పెడితే జర్నలు గుండ్రంగా లేదు, కోడిగుడ్డు వాటంగా అరిగింది. గ్రైండింగు చేయించి, పావు మిల్లీమీటరు అండర్‌సైజు బేరింగులు వేయాలి. ఈ ఏటికి పాత క్రాంకు మీదే కొత్త బేరింగులు వేసి నెట్టుకొద్దామని నాన్న. కోడిగుడ్డు మీద గుండ్రటి బేరింగు ఎన్నాళ్ళుంటుందని నేను. చివరకు నా దగ్గరున్న రెండు నెలల మెస్సు డబ్బు తీసి లేతు షాపులో ఇచ్చాను. నాన్న వద్దన్నాడు, కాని గట్టిగా అనలేదు. మిరప మొక్కకు మొగ్గ కనిపిస్తోంది.

యింజను బిగించాక ముందు తక్కువ లోడు మీద నడిపి, ఆయిలు మార్చి, తర్వాతే పూర్తి బరువు పెట్టాం. గవర్నరు స్క్రూకు మేస్త్రి బైండింగు తీగ చుట్టి ముడేశాడు. అన్నయ్య ఆ ముడి వైపు రెండు మూడుసార్లు చూశాడు, చెయ్యి మాత్రం పెట్టలేదు.

వంతు వచ్చేసరికి నేను హాస్టలుకు వచ్చేశాను. రాత్రి రెండింటప్పుడు ఫోను మోగింది. నాన్న ఏమీ మాట్లాడలేదు, ఫోను యింజను దగ్గర పెట్టాడు. ఒకే నడక. వెనకాల ఎక్కడో బోదెలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు. "ఇంటున్నావా?" అన్నాడు. ఇంటున్నానన్నాను. "ఆఖరి సాళ్ళకు ఎక్కుతున్నాయి. పడుకో ఇంక," అని పెట్టేశాడు.

మెస్సు బిల్లు ఇంకా కట్టలేదు. వార్డెనుగారు ఈ సావెనీరు చదివేలోగా కట్టేస్తాను.