నాలుగంగుళాల అలుగు

అడవికి పోయి రెండు మూడు రాత్రులు గుడారంలో ఉండి వద్దామనుకునే పిల్లలు ఇప్పుడు మనలోనూ ఉన్నారు. సంతోషమే. ఏ కత్తి కొనాలె అని నన్ను అడుగుతున్నారు. అంగట్లో దానికి 'సర్వైవల్ నైఫ్' అని పేరు పెట్టి, వీపుకు రంపం పండ్లు, పిడిలో దిక్సూచి పెట్టి అమ్ముతున్నారు. సర్వైవల్ అంటే బతికి బయటపడుడు. మా ఇందల్వాయి మాదిగవాడలో ప్రతి ఇంటి సూరులో అసువంటి కత్తి ఉండె. దానితోనే బతికినం. దాన్ని మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలువలే.

మా బాపుకు రెండుండె. ఒకటి చచ్చిన గొడ్డును ఒలిచే కత్తి, రెండోది తోలు కోసే రంపె. ఒలిచే కత్తి అలుగు నాలుగంగుళాలు. కొన సూదిలెక్క ఉండదు, పొట్ట కొంచెం గుండ్రంగా తేలి ఉంటది. కొన వాడిగుంటే తోలుకు బొక్క పడతది. బొక్కపడ్డ తోలుకు ధర లేదు. రంపెకు ఒక్క దిక్కే పదును. తంగేడు చెక్క వేసిన లందలో ఊరిన తోలు దాని కింద గీత గీసినట్టు తెగేది. ఆ తోలే రైతు కాలి చెప్పు, మోట బొక్కెన, డప్పు. మోట తోలిన రోజుల్లో ఊరి పొలాలు మా తోలుతోనే తడిసినయి. మా నీడ మాత్రం బావి గట్టు మీద పడొద్దు.

కత్తి ఎట్ల ఎంచుకోవాలె? బాపు చదువుకోలేదు గాని ఈ శాస్త్రం ఆయన చేతిలో ఉండె. "మడిచే కత్తి వద్దు బిడ్డా. మడతల కొవ్వు, మన్ను జొరబడతయి. గట్టిగ ఒత్తినప్పుడు నీ ఏళ్ళ మీదికే మడుస్తది" అనేటోడు. ఒకే ముక్క ఇనుము పిడి కొసదాకా పోవాలె. పిడి అంచు పొంటి చూస్తే అది కనబడాలె. దిక్సూచి పెట్టడానికి పిడిని బోలు చేసినరంటే లోపల ఇనుము లేనట్టే. వీపు రెండు రూపాయి బిళ్ళల మందం ఉంటే చాలు. రక్తంతో, నూనెతో తడిసినా పిడి చేతిలో జారొద్దు. తుప్పు పట్టని స్టీలు మంచిదే గాని, మొద్దుబారితే దొరికిన రాయికల్లా లొంగదు. లారీ కమాను పట్టీతో చేసింది తుప్పు పడతది. అయితే తుడిచి ఇంత ఆముదం రాస్తే ఆగుతది, వాగు రాయి మీదనైనా పదునెక్కుతది. వానల్లో తిరిగేటోళ్ళు స్టీలు తీసుకోండి. పదును పెట్టుకునే ఓపిక ఉన్నోళ్ళు కమాను పట్టీ తీసుకోండి.

ఆ పట్టీని కాల్చి, సాగగొట్టి, ఒక్కసారిగా చల్లారిస్తే గాజులెక్క పెళుసైతది. మళ్ళీ సన్న సెగ చూపాలె. తోమిన అలుగు మీద ఎండుగడ్డి రంగు రాంగనే ఆపాలె. ఈ పనిలో మా కమ్మరి చెయ్యి గొప్పది. కానీ చేసిన కత్తి బాపు చేతికియ్యడు. నేల మీద పెట్టి ఎనుకకు జరుగుతడు. బాపు వంగి తీసుకునేటోడు.

ఉక్కు సంగతి చెప్తే మా జిల్లాకు చాలా పేరుంది. ఆర్మూరు అవతల కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసేవారు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు అది చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. డమాస్కస్ కత్తుల వెనక మన ఉక్కుందని ఇప్పుడు అందరూ గర్వంగా చెప్తారు. చెప్పాల్సిందే. కానీ రాజు నడుముకు వేలాడిన కత్తికి చరిత్ర ఉంది, గొడ్డును ఒలిచి ఊరి రోతను ఎత్తిన కత్తికి లేదు. ఒకటి వీరత్వమైంది, ఇంకొకటి మైలైంది.

మా అవ్వ చేతిలోనూ ఒక చిన్న కత్తి ఉండె. పసుపు తవ్వే కాలంలో ఆర్మూరు దిక్కు కూలికి పోయి, కొమ్ములు, మండలు వేరుచేసి వేర్లు కోసేది. సాయంత్రానికి వేళ్ళన్నీ పచ్చగయ్యేవి. ఆ పసుపు పెండ్లి పందిట్లోకి పోయింది, గుడిలోకి పోయింది. పసుపుకు అంటు లేదు. దాన్ని కోసిన అవ్వకు ఉంది!

ఇదంతా గడిచిన ముచ్చట అనేటోళ్ళు ఉన్నారు. 2016 జులై 11న గుజరాత్‌లోని ఉనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను చావగొట్టారు. ఆ తర్వాత అక్కడి దళితులు కళేబరాలను తెచ్చి సర్కారు ఆఫీసు ముందర పడేసి, ఇక మీరే ఎత్తుకోండి అన్నారు. కత్తి కింద పెట్టుడు కూడా పోరాటమేనని అప్పుడు దేశం చూసింది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలె. 1959 ఆయుధాల చట్టం కింది నిబంధనలు తొమ్మిదంగుళాలకు మించిన పొడవు లేదా రెండంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగులను లెక్కలోకి తీసుకుంటాయి. ఇంటి పనికి, సాగుకు, పరిశ్రమకు చేసిన వాటిని వదిలేస్తాయి. మీ నాలుగంగుళాల కత్తి ఆ కొలతలో సగం కూడా కాదు. అయినా దొరబిడ్డ సంచిలో దొరికితే అది సామాను, వాడ పిల్లగాని సంచిలో దొరికితే ఆయుధం అనే కండ్లు ఇంకా ఉన్నాయి. అందుకే అది దేనికోసమో, చట్టం ఏమంటదో నోటితో చెప్పగలిగి ఉండండి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, తప్పకుండా కొనుక్కోండి. సిర్నాపల్లి అడవికి పొండి, జలపాతం కింద వంట చేసుకోండి. అడవి మనది కూడా. కానీ అంగటికి పోయేముందు మీ ఇంటి సూరులో తాత కత్తి ఉందేమో వెతకండి. ఉంటే దించి, తుప్పు తోమి, పిడి పట్టి చూడండి. కొలత దాని నుంచే తీసుకోండి.