మూగబోయింది ఫోనా, చెవులా?

సూరత్ మరమగ్గాల మోతలో ఇరవయ్యేళ్లకు పైగా గడిపిన తెలుగు కార్మికుడికి ఒక ఉదయం ఫోన్లో ఏమీ వినిపించలేదు. లోపం ఎక్కడుందో పట్టించింది నల్గొండ పల్లెలో తల్లికి వినిపించిన కుక్కర్ విజిల్

ఉదయం ఎనిమిదిన్నర. రాత్రి షిఫ్టు ముగించుకొని లింబాయత్‌లోని ఇంటికి చేరిన 47 ఏళ్ల నేత కార్మికుడు గడప బయట మెట్టు మీద కూర్చొని ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్ కలిపారు. రోజూ ఉండే కార్యక్రమమే. తెర మీద సెకన్లు పరుగెడుతున్నాయి. అంటే అవతల ఫోన్ ఎత్తారన్నమాట. కానీ మాట లేదు. "అమ్మా, ఇనబడ్తుందా?" అని నాలుగుసార్లు గట్టిగా అరిచారు. ఫోన్‌ను కుడి చెవి నుంచి ఎడమ చెవికి మార్చారు. వేలు పెట్టి చెవి తిప్పుకున్నారు. నిశ్శబ్దం. ఫోన్ పక్కన పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు.

ఆయన భయపడింది ఫోన్ పాడైందని కాదు. షిఫ్టు దిగాక గంటసేపు చెవుల్లో హోరు, ఎదుటివారి మాట ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుండటం ఆయనకు ఏళ్లుగా అలవాటే. కానీ తోటి కార్మికుల్లో వయసు మీరినవారు ఒక్కొక్కరుగా "ఆఁ?" అని రెండోసారి అడగడం, టీవీ మోత వీధి చివరికి వినిపించేలా పెట్టుకోవడం కూడా ఆయన చూస్తూనే ఉన్నారు. తన వంతు వచ్చిందనుకున్నారు.

నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువు వెతుక్కుంటూ షోలాపూర్, భివండి, సూరత్ బాట పట్టడం తరాల నాటి కథ. ఊళ్లో చేతిమగ్గం కూడు పెట్టలేకపోతే ఇక్కడి మరమగ్గం పెట్టింది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంతగా తెలుగువారు ఇక్కడ స్థిరపడ్డారు. వరంగల్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వేళలు ఇప్పటికీ చాలా ఇళ్లలో నోటికొచ్చు. అయితే చేతిమగ్గానికీ మరమగ్గానికీ ఒక తేడా ఉంది. మొదటిది నడుస్తుండగా పక్కనున్న మనిషితో మాట్లాడవచ్చు. రెండోది నడిచేచోట సైగలే భాష. పన్నెండు గంటల షిఫ్టులో జేబులోని ఫోన్ మోగినా తెలియదు.

అందుకే ఈ కార్మికుడు ఏడాది కిందట మెడలో వేసుకునే బ్లూటూత్ నెక్‌బ్యాండ్ కొనుక్కున్నారు. ఫోన్ వస్తే అది మెడ దగ్గర వణుకుతుంది. బయటికొచ్చి మాట్లాడవచ్చు. తండ్రి చనిపోయినప్పుడు వచ్చిన ఏడు మిస్డ్ కాల్స్‌ను షిఫ్టు అయిపోయాక గానీ చూసుకోలేకపోయిన మనిషికి అది విలాస వస్తువు కాదు.

ఆ ఉదయం చిక్కుముడి విప్పింది డిగ్రీ చదువుతున్న కూతురు. నిజానికి ఆధారం అందించింది మాత్రం నాయనమ్మే. కొడుకు ఫోన్ పెట్టేయగానే ఆమె మనవరాలికి ఫోన్ చేసి, "మీ నాయిన గొంతు ఇనబడ్తలేదు బిడ్డా. మీ ఇంట్ల కుక్కర్ కూత మాత్రం దగ్గర్నే ఇనబడ్డది" అన్నారు. కుక్కర్ ఉన్నది వంటింటి మూల. తండ్రి కూర్చున్నది బయట మెట్టు మీద. మరి ఆయన ఫోన్లోంచి కుక్కర్ శబ్దం దగ్గరగా ఎలా వెళ్లింది? అమ్మాయి లోపలికెళ్లి చూస్తే, పొయ్యి పక్కన మేకుకు వేలాడుతున్న చొక్కా. చొక్కా మీద నెక్‌బ్యాండ్. దాని మీద వెలుగుతున్న చిన్న నీలం దీపం.

"నాయినా, అమ్మమాట నీ అంగీకి ఇనబడ్డది" అని అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వలేదు. "అయితే నా చెవులు మంచిగనే ఉన్నయా?" అని అడిగారు.

ఫోన్లో శబ్దానిది ఒకరకంగా అధికార మార్పిడి వ్యవహారం. గద్దె ఒక్కటే. చెవి దగ్గరి చిన్న స్పీకర్, అడుగున ఉండే పెద్ద స్పీకర్, తీగ ఇయర్‌ఫోన్, బ్లూటూత్ పరికరం పోటీదారులు. బ్లూటూత్ పరికరం వచ్చి చేరగానే ఫోన్ సాధారణంగా గద్దెను దానికే అప్పగిస్తుంది. కాల్ విషయంలో వినికిడి మాత్రమే కాదు, మైకు కూడా దానిదే అవుతుంది. అందుకే మెట్టు మీది కొడుకు అరుపులు తల్లికి చేరలేదు, మేకు పక్కనున్న కుక్కర్ కూత చేరింది. మామూలు పరికరాలకు పది మీటర్ల దాకా సిగ్నల్ అందుతుంది. ఒంటిగది ఇంట్లో పది మీటర్లంటే ఇల్లంతా, వాకిలి కూడా.

స్వీడన్‌లోని లుండ్‌లో ఎరిక్సన్ కంపెనీ ఇంజనీర్లు 1994లో ఈ సాంకేతికతకు శ్రీకారం చుట్టింది పరికరాల మధ్య తీగలు తీసేయడానికే. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కలిసి కూటమి కట్టాయి. డెన్మార్క్‌ను ఏకం చేసిన పదో శతాబ్దపు రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు దానికి స్థిరపడింది. కలపడంలో ఆ పేరుకు న్యాయం జరిగింది. విడిపోవడంలోనే గందరగోళం. తీగ పీకేస్తే ఫోన్‌కు ఆ క్షణమే తెలుస్తుంది. గాలిలో ఉన్న బంధం తెగిపోతే కొంతసేపు ఎదురుచూసి గానీ నిర్ధారించుకోలేదు. బ్లూటూత్ ప్రమాణాల్లో మామూలుగా నిర్దేశించిన గడువు 20 సెకన్లు. కంపెనీలు దాన్ని తగ్గించుకోవచ్చు. ఆలోగా ఫోన్ శబ్దాన్ని లేని పరికరానికి పంపుతూనే ఉండవచ్చు.

ఇంకో మర్యాద కూడా ఉంది. బ్లూటూత్ తెగిన వెంటనే ఆండ్రాయిడ్ ఫోన్ 'ఇక శబ్దం బయటికి పోతుంది, జాగ్రత్త' అని పాటల యాప్‌లను హెచ్చరిస్తుంది. పద్ధతైన యాప్‌లు పాట ఆపేస్తాయి. బస్సులో అందరి ముందూ పాట గట్టిగా మోగకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. సంగతి తెలియని వారు దాన్నే ఫోన్ పాడవడం అనుకుంటారు. మళ్లీ ప్లే నొక్కితే సరిపోతుంది.

నాలుగు రోజులకు రెండో సమస్య వచ్చింది. షిఫ్టు మధ్యలో నెక్‌బ్యాండ్ చార్జింగ్ అయిపోయింది. ఇంటికొచ్చాక ఫోన్ కాల్స్ బాగానే వినిపించాయి. కానీ ఊరి నుంచి మేనల్లుడు పంపిన వాయిస్ మెసేజ్ మాత్రం పలకలేదు. వీడియోలూ మూగే. ఈసారి ఆయన కూతురిని అడగకుండా రిపేరు దుకాణానికి వెళ్లారు. అక్కడి కుర్రాడు ఫోన్‌ను ఒకసారి అటూ ఇటూ తిప్పి, "స్పీకర్ పోయింది కాకా, మార్చాలి" అని ఆరు వందలు అడిగాడు. జేబులో అంత లేకపోవడం మంచిదైంది.

అమ్మాయి ముందుగా బ్లూటూత్ ఆపేసింది. తర్వాత ఫోన్ పక్కనుండే మీట నొక్కి వాల్యూమ్ పట్టీలన్నీ తెరిచింది. కాల్‌కు ఒకటి, రింగుకు ఒకటి, అలారానికి ఒకటి, పాటలు, వీడియోలు, మెసేజ్‌లకు ఒకటి. ఆ చివరిది సున్నా దగ్గరుంది. చాలా ఫోన్లు బ్లూటూత్‌కు ఒక స్థాయి, సొంత స్పీకర్‌కు ఇంకో స్థాయి విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి. పగలు నిద్రకు భంగం కలగకుండా ఆయనే ఎప్పుడో స్పీకర్ శబ్దం తగ్గించారు. తర్వాత నెలల తరబడి నెక్‌బ్యాండ్‌లోనే వింటూ పెంచుకుంటూ పోయారు. పెరిగింది దాని శబ్దమే. అది నిద్రపోగానే పాత సున్నా తిరిగొచ్చింది.

పట్టీ పైకి జరిపాక మెసేజ్ పలికింది గానీ గుడ్డ అడ్డం పెట్టినట్టు పలికింది. స్పీకర్ జాలీ నిండా కార్ఖానా నూగు, నూనె మరక. పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా దులిపితే గొంతు తేటపడింది. సూదితో పొడిస్తే లోపలి పొర చిరుగుతుంది కాబట్టి ఆ జోలికి పోలేదు. తీగ ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలో ఇలాంటి నూగు చేరినా ఇబ్బందే. లేని ఇయర్‌ఫోన్ ఉందని ఫోన్ భ్రమపడుతుంది.

ఆ అమ్మాయి పాటించిన వరుస ఎవరికైనా పనికొచ్చేదే. కాల్‌లో ఉండగా మాట వినిపించకపోతే తెర మీది స్పీకర్ లేదా ఆడియో గుర్తు నొక్కి శబ్దం ఎటు పోతోందో చూడాలి. తర్వాత బ్లూటూత్ ఆపాలి. అన్ని వాల్యూమ్ పట్టీలు పరిశీలించాలి. అప్పటికీ పలకకపోతే ఫోన్ ఆపి మళ్లీ వేయాలి. ఆ పరికరంతోనే పదే పదే తంటా వస్తుంటే జతల జాబితా నుంచి దాని పేరు తొలగించి కొత్తగా జత చేయాలి. ఇవన్నీ అయ్యాక కూడా స్పీకర్ నోరు విప్పకపోతే, అప్పుడే దుకాణం. వీటిలో దేనికీ పైసా ఖర్చు కాదు.

ఫోన్ నిర్దోషి అని తేలింది. చెవుల సంగతి తేలలేదు. శబ్దం పూర్తిగా పెంచి పెట్టిన మెసేజ్ వీధిలోకి వినిపిస్తుంటే తండ్రి ఇంకా ఫోన్‌ను చెవికి దగ్గరగా తీసుకోవడం కూతురు గమనించింది. "జర పెంచు బిడ్డా" అన్నప్పుడు ఆమెకు విషయం అర్థమైంది. వారం పాటు వెంటపడి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లింది.

పరీక్షలో తేలింది ఇదీ: లోతు స్వరాలు బాగానే వినిపిస్తున్నాయి. 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి జారింది. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం సాధారణంగా తొలి గుర్తు వేసేది అక్కడే. మాట వినిపిస్తుంది, అందులోని స, త, ప లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే "ఇనబడ్తది గానీ సమజ్ కాదు" అనేది ఇలాంటివారి మామూలు ఫిర్యాదు. లోపలి చెవిలో దెబ్బతిన్న రోమకణాలు మళ్లీ మొలవవు. దీన్ని వృత్తి వ్యాధిగా చట్టం ఎప్పుడో గుర్తించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఇది చోటు చేసుకుంది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు అని నిబంధనలూ చెప్పాయి. కానీ మగ్గాల నడుమ ఆ మీటరు పట్టుకు తిరిగినవారిని ఆయన ఇన్నేళ్లలో చూడలేదు.

నెక్‌బ్యాండ్ కూడా పూర్తిగా అమాయకురాలు కాదు. కార్ఖానా మోతను మించి పాట వినాలంటే శబ్దం ఎంత పెంచాలో ఊహించవచ్చు. పెద్దవారికి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆయన రాత్రుళ్లు ఒకదాని మీద ఒకటి రెండు మోతలు విన్నారు.

పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవచ్చనీ డాక్టర్ చెప్పారు. ఇప్పుడు ఆయన షిఫ్టులో చెవుల్లో నురుగు బిరడాలు పెట్టుకుంటున్నారు. మొదట్లో తోటివారు ఎగతాళి చేశారు. ఇద్దరు అవి ఎక్కడ దొరుకుతాయని అడిగారు కూడా. నెక్‌బ్యాండ్ మెడలోనే ఉంది గానీ వణకడానికి మాత్రమే. పాటలు బంద్.

ఇంటికి రాగానే గడప దగ్గర దాని మీట నొక్కి, నీలం దీపం ఆరిందని చూసుకొని, అప్పుడు తల్లికి ఫోన్ చేస్తారు. ఆమె మాటల్లో కొన్ని అక్షరాలు జారిపోతూనే ఉంటాయి. "మెల్లగ చెప్పమ్మా" అంటారు. ఆమె మెల్లగానే చెబుతారు. కాకపోతే మొదటి ప్రశ్న మాత్రం రోజూ ఒక్కటే: "ఇయ్యాల నువ్వేనా కొడుకా, కుక్కరా?"