గన్ కొనే ముందు డబ్బా చూడండి



మొన్న సంఘం మీటింగ్ అయ్యాక టీ తాగుతూ ఫోన్‌లో మా వంటింటి కప్‌బోర్డుల ఫొటోలు చూపించాను. అప్పటి నుంచి వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న. "ఏ స్ప్రే గన్ కొన్నారండీ? ఎంతయింది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఇక్కడే రాసేస్తే మేలనిపించింది. కొంచెం పెద్ద పోస్టే. ఓపిక ఉన్నప్పుడు చదవండి.

2023 డిసెంబర్ మనలో ఎవరూ మరిచిపోలేదు. మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన మనలిని, ఎర్నావూరును, తిరువొత్తియూరును ముంచేసి పోయింది. మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. వట్టి నీళ్లయితే ఆరబెట్టుకునేవాళ్లం. వాటి మీద నూనె తెట్టు కూడా ఉంది. వంటింట్లో కింది వరస ప్లైవుడ్ అంతా ఉబ్బిపోయింది, పీకి పారేశాం. పై వరస తలుపులు, కిటికీ ఫ్రేములు, ద్వారబంధాలు, మా నాన్నగారు చేయించిన పూజగది టేకు తలుపులు మిగిలాయి. ఆ టేకు తలుపుల మీద మోకాలి ఎత్తున నల్లటి గీత ఒకటి ఉండిపోయింది.

ఏడాది పాటు ఆ గీత చూస్తూనే దీపం పెట్టుకున్నాం. తర్వాత కింది వరస కొత్తగా చేయించాం. పాతవీ కొత్తవీ కలిసేలా అన్నిటికీ ఒకే రంగు వేయాలి. మొత్తం 18 తలుపులు, పూజగది రెండు రెక్కలు, ఐదు ద్వారబంధాలు. ఒక కాంట్రాక్టర్‌ను అడిగితే మెటీరియల్ కాకుండా కూలీ మాత్రమే 45 వేలన్నాడు. రిటైరై ఇంట్లో ఉన్నవాణ్ణి, చేతులు బాగానే ఉన్నాయి, గన్ ఒకటి కొనుక్కుంటే నేనే చేసుకోలేనా అనుకున్నా.

తిరువొత్తియూరులో మెట్రో ఎక్కి మణ్ణడిలో దిగి, లింగి చెట్టి వీధిలో ఒక పూటంతా తిరిగాను. మనలాంటి వాళ్లకు అక్కడ మూడు రకాల మిషన్లు చూపిస్తారు.

మొదటిది ఎయిర్‌లెస్. పంపు రంగును 2,000 నుంచి 3,000 పీఎస్ఐ ఒత్తిడితో సన్నటి రంధ్రం గుండా తోస్తుంది. అపార్ట్‌మెంట్ గోడలకు, గోడౌన్లకు బాగుంటుంది. 18 తలుపులకు అంత మిషన్ అక్కర్లేదు. ఇంకో సంగతి: ఆ ఒత్తిడికి రంగు వేలి చర్మంలోంచి లోపలికి దూరిపోగలదు. పైకి చిన్న సూది పోటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఆలస్యమైతే వేలు పోవచ్చు. ఎవరైనా అద్దెకు తెచ్చుకుంటే ఇది గుర్తుంచుకోండి.

రెండోది కంప్రెసర్, దానికి గన్. మన వడ్రంగి షెడ్లలో కనిపించేది ఇదే. చేయి తిరిగినవాడి చేతిలో దీని ఫినిషింగ్‌కు సాటి లేదు. కానీ గన్ ధర చూసి మురిసిపోతే సరిపోదు, అది తాగే గాలి ఎంతో చూడాలి. చాలా గన్లకు నిమిషానికి 8 నుంచి 12 ఘనపుటడుగుల గాలి కావాలి. ఇళ్లకు అమ్మే ఒక హార్స్‌పవర్ కంప్రెసర్ అందులో సగం ఇస్తే గొప్ప. తలుపు సగంలో ఉండగా ట్యాంకులో గాలి తగ్గిపోతుంది, పొగమంచులా పడాల్సిన రంగు తుంపర్లుగా పడుతుంది.

మూడోది కరెంటుతో నడిచే చేతి స్ప్రేయర్. హెచ్‌వీఎల్‌పీ అంటారు. గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. మూతి దగ్గర గాలి ఒత్తిడి 10 పీఎస్ఐ దాటదు. పాత రకం గన్‌తో కొడితే తలుపు మీద పడేది సుమారు మూడో వంతు రంగే, మిగతాది గాలిలో కలుస్తుంది. అందుకే లాస్ ఏంజెలెస్ ప్రాంతపు వాయు కాలుష్య నియంత్రణ సంస్థ తన నిబంధనల్లో కనీసం 65 శాతం రంగు వస్తువు మీదే పడాలని పెట్టి హెచ్‌వీఎల్‌పీని ముందుకు తెచ్చింది. రంగు మిగలడం ఒక లాభం. మనం పీల్చేది తగ్గడం రెండోది.

ఆ రోజు నేనేమీ కొనలేదు. మనసు మాత్రం కంప్రెసర్ మీదే ఉంది. పీయూ కొట్టించిన తలుపులు గాజులా మెరుస్తుంటాయి కదా, అలా రావాలని ఆశ.

ఇంటికి వచ్చాక మా పాత పెయింటర్ మేస్త్రిగారికి ఫోన్ చేశాను. శ్రీకాకుళం నుంచి కుర్రవాడిగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. మా ఇంటికి రెండుసార్లు రంగులు వేసింది ఆయనే. మర్నాడు వచ్చారు. మా మేడ మెట్లు పద్నాలుగే, అయినా మధ్యలో రెండుసార్లు ఆగారు. "ముప్ఫై ఏళ్లు మొహానికి తువ్వాలు చుట్టుకునే స్ప్రే కొట్టాను బాబూ. ఇప్పుడు రాత్రి పడుకుంటే గాలి అందదు" అన్నారు. నేను నా ఎయిర్‌లెస్, కంప్రెసర్ లెక్కలన్నీ చెబుతుంటే చివరిదాకా విని ఒక్కటే అడిగారు. "గన్ సంగతి సరే బాబూ, అందులో ఏం పోస్తావ్?"

పీయూ అన్నాను. ఆయన మా ఆవిడ వైపు చూశారు. ఆమెకు ఉబ్బసం ఉందని, కొంగు చాటున ఇన్‌హేలర్ ఉంటుందని ఆయనకూ తెలుసు.

అప్పుడు కూర్చుని చదివాను. రెండు డబ్బాలు కలిపి వాడే పీయూలో గట్టిపరిచే ద్రావణం ఐసోసైనేట్. స్ప్రే చేసినప్పుడు అది పొగమంచులా గాలిలోకి లేస్తుంది. పెయింటర్లకు వృత్తి వల్ల వచ్చే ఉబ్బసానికి పేరుమోసిన కారణాల్లో ఇదొకటి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొద్దిపాటిదైనా ఊపిరి పట్టేస్తుంది. వాసనను బట్టి జాగ్రత్త పడదామంటే, ముక్కుకు తెలిసేసరికే మోతాదు మించి ఉంటుంది. దీనికి తువ్వాలు, గుడ్డ మాస్కు దండగ. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు వాడమంటారు. ఇళ్లల్లో పనిచేసే పెయింటర్ల దగ్గర అలాంటిది నేను ఇంతవరకూ చూడలేదు. మీరు చూశారా?

మనం మనలివాళ్లం. గాలి ఎటు నుంచి వీస్తోందో ముక్కుతో చెప్పేస్తాం. అలాంటి చోట ఉంటూ ఇంట్లోకి ఇంకో విషం నేనే డబ్బు పెట్టి తేవడమెందుకు? పీయూ మానేశాను. ఒకే డబ్బాలో వచ్చే నీటి ఆధారిత ఎనామిల్ తీసుకున్నా. గాజు మెరుపు రాదు, మెత్తటి నిగారింపు వస్తుంది. అందులో ఐసోసైనేట్ లేదు, పలచన చేయడానికి నీళ్లు చాలు. ఇది కాస్త చిక్కటి రంగు కాబట్టి పెద్ద నాజిల్, అంటే 1.8 మిల్లీమీటర్లది, ఉన్న చేతి హెచ్‌వీఎల్‌పీ సరిపోయింది. ఐదు వేల లోపే అయింది. నేను ఎంచుకున్నది రంగునే. గన్ దాని వెనకే వచ్చింది.

ఈ గన్ కథ చదువుతుంటే ఒక విచిత్రం తెలిసింది. అమెరికాలో టొలీడో ఊళ్లో అలెన్ డెవిల్బిస్ అని ఒక గొంతు వైద్యుడు ఉండేవాడు. రోగుల గొంతులో మందు సన్నటి తుంపరగా పడేలా ఒక పరికరం చేసి 1888లో కంపెనీ పెట్టాడు. ఆయన కొడుకు థామస్ 1907లో దాన్నే రంగు కొట్టే గన్‌గా మార్చాడు. అంటే మా ఆవిడ ఇన్‌హేలర్, మేస్త్రిగారి గన్ దాయాదులే! ఒకటి ఊపిరి ఇస్తోంది, ఇంకొకటి తీసుకుంది.

ఇక పని. మొదటి రోజే బోల్తా పడ్డాను. రంగు చిక్కగా పోసేసరికి తలుపంతా నారింజ తొక్కలా గరుకుగా వచ్చింది. తప్పు నాదే. గన్‌తో పాటు ఇచ్చే చిన్న గరాటు కప్పును పక్కన పడేశాను. ఆ కప్పును నిండా ముంచి పైకెత్తి, ధార తెగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. నాకు నిమిషంన్నర దాటింది. మాన్యువల్‌లో రాసిన లెక్కకు వచ్చేదాకా కొద్దికొద్దిగా నీళ్లు కలిపి, వడకట్టి పోశాక దారికొచ్చింది. అయితే రంగు డబ్బా మీద చెప్పిన హద్దు దాటి నీళ్లు కలపకండి, కారిపోతుంది.

రెండో దెబ్బ పూజగది తలుపుల దగ్గర. ఆ గీత ఉన్నచోట రంగు నిలవకుండా చిన్నచిన్న గుంటలుగా విడిపోయింది. చెక్కలో నూనె ఇంకా ఉంది. మేస్త్రిగారు కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను చేశాను. రంగు తీసేసి, సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో ప్రతిసారీ కొత్త మడత తిప్పుతూ తుడిచి, లక్కతో చేసే షెల్లాక్ సీలర్ బ్రష్‌తో రెండు పూతలు వేశాం. టేకులోని కషాయం రంగు పైకి ఊరకుండా కూడా అదే ఆపుతుంది. ఆ తర్వాత రంగు నిలిచింది.

మిగతావి గబగబా చెబుతాను.

పాత రంగును పొడిగా గీకవద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంతుందో ఎవరికి తెలుసు? నీళ్లు తడిపే ఉప్పుకాగితం వాడి, తడిగుడ్డతో ఎత్తేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

తలుపులు ఊడదీసి, వెనక నంబర్లు వేసి, మేడ మీద టార్పాలిన్ కట్టి పడుకోబెట్టి కొట్టాను. ఆరేడు అంగుళాల దూరం, ఒక గీత మీద సగం ఇంకో గీత, చేయి కదిలాకే ట్రిగ్గర్ నొక్కాలి. మందంగా ఒకటి కాదు, పలచగా మూడు. ఐప్పసి, కార్తీక వానల్లో వద్దు, మన ఉక్కకు ఆరదు. ఎండ నెత్తికెక్కాక కూడా వద్దు, తుంపర గాలిలోనే ఆరిపోయి పొడిలా పడుతుంది. ఫిబ్రవరిలో ఉదయం మంచు తడి ఆరాక పది గంటల లోపు నాకు బాగా కుదిరింది.

ద్వారబంధాలకు, కిటికీ ఫ్రేములకు గన్ అసలు వాడలేదు. ఇంట్లో పది నిమిషాల స్ప్రేకు నాలుగు గంటలు టేపు, కాగితాలు అతికించాలి. రెండంగుళాల మంచి బ్రష్, చిన్న ఫోమ్ రోలర్‌తో హాయిగా అయిపోయింది. గన్ కొన్నాం కదా అని అన్నిటికీ వాడనక్కర్లేదు.

నీటి రంగే కదా అని మాస్కు మానకండి. తుంపర ఏదైనా ఊపిరితిత్తులకు తుంపరే. నేను కార్ట్రిడ్జి, దాని మీద ధూళి ఫిల్టర్ ఉన్న సగం మొహం మాస్కు పెట్టుకున్నా. మా ఆవిడను ముందే విమ్కో నగర్‌లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కించి తమ్ముడింటికి పంపాను. పది రోజులకు వచ్చింది. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ఏమండీ, వాసనేం లేదే" అంది. ఇన్‌హేలర్ బయటికి తీయలేదు. ఆ మాట నాకు చాలు.

మేస్త్రిగారికి కూలీ ఇవ్వబోతే మొదట వద్దన్నారు. కుర్చీలో కూర్చుని చెప్పినదానికి కూలీ ఏమిటన్నారు. ఆయన చెప్పకపోయి ఉంటే ఈపాటికి నా మేడ మీద కంప్రెసర్, పీయూ డబ్బాలు ఉండేవి. బలవంతంగా జేబులో పెట్టాను. ఇంకో పనికి వెళ్తున్న తన మేనల్లుడికి ఒక మంచి మాస్కు కొనిస్తానని, అందుకే తీసుకుంటున్నానని అన్నారు.

మీ ఇంట్లో పెయింటర్‌తో పీయూ కొట్టిస్తుంటే అతని మొహానికి ఏముందో ఒకసారి చూడండి. రేటు బేరమాడేటప్పుడు ఆ మాస్కు ఖర్చు కూడా కలిపి మాట్లాడండి.

గన్ కడిగి, ఆరబెట్టి మా ఇంట్లో పెట్టాను. సంఘం సభ్యులు ఎవరికి కావాలన్నా తీసుకెళ్లొచ్చు, అద్దె ఏమీ లేదు. రెండే షరతులు. వాడిన రోజే కడగాలి. మాస్కు మాత్రం ఎవరిది వాళ్లు కొనుక్కోవాలి.